మా కారు డైనమోకు పరగడుపు పరీక్ష

మా కారు మొదటిసారి ఆగింది కామారెడ్డి కూరగాయల మార్కెట్ ముందు. నేను టమాటాలు కొని వచ్చి తాళం తిప్పితే ఇంజన్ 'టక్' అని ఒక్క శబ్దం చేసి ఊరుకుంది. మళ్లీ తిప్పితే ఆ టక్ కూడా లేదు. పక్క సీట్లో మా ఆయన ఒళ్లో సంచీ పెట్టుకుని, "ఇంకోసారి మెల్లగ తిప్పు, అది భయపడ్డది" అన్నాడు.

మాది పాత చిన్న కారు. మా కంటే ముందు ఇంకెవరిదో. నడిపేది నేనే. మా ఆయనకు నడపడం రాక కాదు. స్టీరింగ్ పట్టుకుంటే దారిలో కనిపించిన ప్రతిదానితో మాట్లాడతాడు. స్పీడ్ బ్రేకర్‌కు నమస్తే పెట్టిన రోజున తాళాలు నేను తీసుకున్నాను.

ఆ రోజు ఆకుకూరలమ్మే అవ్వ ఒకామె లేచి, కొంగు నడుముకు చెక్కుకుని, "నూకుదాం పట్టుండ్రి" అని చుట్టుపక్కల వాళ్లను పిలిచింది. నూకారు. బండి లేచింది. మర్నాడు పొద్దున మళ్లీ లేవలేదు. బ్యాటరీ పాతదయ్యిందని దుకాణం అతను అంటే కొత్తది వేయించాం. వారం తిరగకముందే కొత్తదీ చచ్చింది. అప్పటికి మా గల్లీ వాళ్లకు మా కారు నూకడం బాగా అలవాటైపోయింది. నేను మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే ఎదురింటి పెద్దాయన చదువుతున్న పేపరు మడిచి, లుంగీ పైకి కట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఒకరోజు బండి తాళానికే స్టార్ట్ అయితే ఆయన ముఖం చిన్నబోయింది.

అసలు సంగతి ఒక ఆదివారం బయటపడింది. ఆపితే మళ్లీ లేవదని ఇంజన్ నడుస్తుండగానే కారు లోపల తుడుస్తుంటే, స్పీడు చూపించే అద్దం మీద నా బొట్టుబిల్ల ఒకటి అంటుకుని కనిపించింది. మెరూన్ రంగుది, కాస్త పెద్దది, పెళ్లిళ్లకు పెట్టుకునేది. నడిపేటప్పుడు నా చూపు రోడ్డు మీదే, ఆ అద్దం వైపు చూసింది తక్కువ. పీకి చూశాను. దాని కింద బ్యాటరీ బొమ్మతో ఎర్ర లైటు వెలుగుతోంది.

మా ఆయన్ను పిలిచాను. "ఇదేంది?"

"నీ బొట్టుబిల్ల."

"అది నాకూ తెలుసు. ఇక్కడికెందుకొచ్చింది?"

"ఆ ఎర్రబుగ్గ నెల సంది కండ్లల్ల కొడుతున్నది. ఎన్నిసార్లు చెప్పినా ఆరుతలేదు. అందుకే మూసిన."

"ఎవరికి చెప్పినవ్?"

"బుగ్గకే."

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. రోగం కనబడితే దాని మీద బొట్టుబిల్ల అంటించే అలవాటు మా దగ్గర లేదు. ఆ సాయంత్రమే ఫోన్‌లో వీడియోలు చూసి, ఎలక్ట్రికల్ దుకాణంలో ఓల్టులు చూసే మీటర్ ఒకటి కొనుక్కొచ్చాను. ఇంజన్ ఆపి బ్యాటరీకి రెండు వైర్లు ఆనిస్తే పన్నెండున్నరకు కాస్త తక్కువ చూపించింది. అది ఫరవాలేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీలోకి పంపాలి, అంటే అంకె పద్నాలుగు దగ్గరికి ఎక్కాలి. మాది పన్నెండుకు దిగింది. హెడ్‌లైట్లు వేయించాను. పన్నెండు కంటే కిందికి పోయింది. బెల్టు ఉంది, తిరుగుతోంది. ఫ్యూజులు బాగున్నాయి. డైనమో మాత్రం ఏమీ ఇవ్వడం లేదు.

మెకానిక్ దగ్గరికి పోదామన్నాడు మా ఆయన. నేనూ సరే అన్నాను. కానీ అంతలో ఎల్లారెడ్డి నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. కారెట్లుందని అడిగితే, "డైనమో పోయింది అత్తమ్మా, మార్చాలె" అన్నాను. ఆమెకు అది 'నేను మారుస్తాను' అని వినిపించింది. పక్కన కూర్చున్న మామకు వెంటనే చెప్పింది. మామ మాట ఫోన్‌లో స్పష్టంగా వచ్చింది.

"సూదులు గుచ్చే పిల్లకు డైనమో సంగతేం తెలుస్తది?"

మామ చెడ్డ మనిషి కాదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. నేను ఎదురుగా ఉన్నా "ఆమెకు చెప్పురా" అని కొడుకుతో అంటాడు. అది ఆయన మర్యాద. అయినా ఆ మాట నాకు ఎక్కడో తగిలింది.

"వచ్చే ఆదివారం అక్కడికే తెచ్చి మారుస్త అత్తమ్మా. మీ వాకిలి పెద్దది కదా" అన్నాను.

ఫోన్ పెట్టాక మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు మొన్న మిక్సీ మూత తీయరాక నన్ను పిలిచినవ్" అన్నాడు.

మా కారుకు సరిపడే డైనమో, దానితోపాటు కొత్త బెల్టు కామారెడ్డిలోనే దొరికాయి. బ్యాటరీని రాత్రంతా చార్జింగుకు పెట్టించాం. ఇక లెక్క సులువే. డైనమో ఏమీ ఇవ్వదు కాబట్టి, ఎల్లారెడ్డి చేరేదాకా ఆ బ్యాటరీలో ఉన్న కరెంటుతోనే బండి నడవాలి. అందుకే బయలుదేరే ముందే మా ఆయనకు చెప్పాను: ఏసీ లేదు, పాటలు లేవు, ఫోన్ చార్జింగు లేదు, హారన్ ముట్టుకోవద్దు.

"అద్దాలు?"

"అవి కూడ మోటారే. ఇప్పుడే సగం దించి పెట్టు. మళ్లీ ముట్టకు."

ఊరు దాటేదాకా బాగానే ఉంది. తర్వాత గొర్ల మంద ఒకటి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. నా చేయి అలవాటుగా హారన్ మీదికి పోతే మా ఆయన గభాలున పట్టుకున్నాడు. కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, "పీం! పీం! జరుగుండ్రి!" అని అరిచాడు. గొర్లు జరగలేదు, ఆగి ఆయన్ను చూశాయి.

గొర్ల కాపరి దగ్గరికి వచ్చి అడిగాడు. "ఏంది సారూ, హారన్ లేదా?"

"ఉన్నది. కొట్టద్దంటున్నది."

కాపరి లోపలికి వంగి నన్ను చూశాడు. "ఎందుకమ్మా? కొట్టుకోనీ, ఒక్కసారి" అన్నాడు, పిల్లవాడికి మిఠాయి ఇప్పించమన్నట్టు.

లింగంపేట దాటాక వాన మొదలైంది. పెద్దది కాదు, కానీ సగం దించిన అద్దాల్లోంచి లోపలికి రావడానికి సరిపోయేంత. వైపర్ కూడా కరెంటు తినేదే. ముందు ఏమీ కనిపించకపోయినప్పుడు ఒక్కసారి తిప్పి ఆపేదాన్ని. మా ఆయన గొడుగు తెరిచి కారు లోపలే పట్టుకున్నాడు. దాని ఒక పుల్ల నా చెవి వెనక గుచ్చుకుంటూ ఉంది. మమ్మల్ని దాటిపోయిన ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లందరూ ఒక్కొక్కరే ఇటు తిరిగారు. కారు లోపల గొడుగు వేసుకుని పోతున్నవాళ్లను వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. మా ఆయన వాళ్లకు చేయి ఊపాడు.

ఎల్లారెడ్డి పొలిమేరలో మీటర్ల ముళ్లు వణకడం మొదలుపెట్టాయి. వీధి మలుపు తిరిగి, గేటు దాటి, వాకిట్లోకి రాగానే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఇంకో ఇరవై అడుగులు పోయి ఉంటే కోళ్లగూడు దగ్గర, అంటే మామ చూపించిన నీడలో ఆగేది. అక్కడిదాకా నూకాం.

వాకిలి నిండా జనం. అత్తమ్మ ఎవరికి చెప్పిందో తెలియదు కానీ, ఎవరికి చెప్పలేదో వాళ్లు తప్ప అందరూ వచ్చారు. కుర్చీలు వేశారు. చాయ్ తిరుగుతోంది. నేను కొంగు చెక్కుకుని బానెట్ ఎత్తితే పెళ్లిలో తెర తీసినప్పటిలా అందరూ ముందుకు వంగారు.

వాన ఆగింది. మామ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి ఇంజన్‌లోకి చూశాడు. ఆయన చాలా ఏళ్లు ట్రాక్టర్ నడిపినవాడు, పొలానికి తప్ప దేనికీ తొందరపడని మనిషి.

"ఒరే, ఆమెకు చెప్పు. డైనమో పోయిందా లేదా సూసుడు ఎంతసేపు? పక్కింటోళ్ల బ్యాటరీ కలిపి బండి లేపుండ్రి. ఇంజన్ నడుస్తుంటె బ్యాటరీ వైరు పీకుండ్రి. ఇంజన్ ఆగితె డైనమో ఖరాబు, నడిస్తె మంచిగున్నట్టు. మా ట్రాక్టర్‌కు గట్లనే చేస్తుంటిమి."

మా ఆయన నా వైపు తిరిగాడు. "బాపు ఏమంటున్నడంటే..."

"విన్న. అది పాత ట్రాక్టర్‌కు నడుస్తది మామా. ఈ కారుల చిన్న కంప్యూటర్ ఉంటది. నడుస్తుంటె వైరు పీకితే అది కాలిపోతది."

"ఆమెకు చెప్పు, కారుల కంప్యూటర్ ఎందుకుంటదిరా అని."

"బాపు అడుగుతున్నడు, కారుల కంప్యూటర్..."

"విన్ననయ్యా!"

మామ నెమ్మదిగా బ్యాటరీ వైపు జరిగాడు. నేను ఇంకా నెమ్మదిగా జరిగి బ్యాటరీకీ ఆయనకూ మధ్య నిలబడ్డాను. ఆయన అటు వస్తే అటు, ఇటు వస్తే ఇటు. కుర్చీల్లో వాళ్లు చాయ్ తాగడం మానేసి చూస్తున్నారు. కబడ్డీ ఆటలా తయారైంది. చివరికి నాకు మామకు తెలిసిన భాషే గుర్తొచ్చింది. ఆయనకు షుగర్ ఉంది. నెలనెలా నేనే రక్తం తీస్తాను.

"మామా, మీకు పరగడుపున ఒకసారి, తిన్నంక ఒకసారి సూస్తం కదా. దీనికీ అంతే. ఇంజన్ నడవకముందు పరగడుపు. నడిచేటప్పుడు తిన్నంక. ఆరోగ్యంగున్న బండికి తిన్నంక అంకె పెరగాలె."

అక్కడే పక్కింటివాళ్ల బ్యాటరీతో ఇంజన్ లేపి, ఆ వైర్లు తీసేసి, మీటర్ పెట్టి చూపించాను. మామ కళ్లద్దాలు పైకి నెట్టుకుని అంకె చదివాడు. అది పెరగడానికి బదులు మెల్లగా దిగుతోంది. మామ చాలా బాధగా తల ఊపాడు. ఆ తర్వాత ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది.

"దీనికి తిన్నంక పెరగాల్నంటది. నాకు పెరుగుతె తిడ్తది. ఇదేం లెక్కరా?"

వాకిలంతా నవ్వింది. నేను ఇంజన్ ఆపి, ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పాను. అది విప్పకుండా పని మొదలుపెడితే పానా తగిలి నిప్పులు వస్తాయని వీడియోలో చెప్పారు. బెల్టు తీసే ముందు అది ఏ చక్రం మీదుగా ఎట్లా తిరిగిందో ఫోటో తీయమని మా ఆయనకు చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా, మూడు వైపుల నుంచి తీశాడు.

డైనమోకు ఉన్న బోల్టుల్లో పైది సులువుగానే వచ్చింది. కింద పొడుగు బోల్టు కదలలేదు. పానా వేసి వేలాడాను. మా ఆయన వేలాడాడు. కిరోసిన్ పోస్తే వస్తుందని ఒకరు, కొబ్బరినూనె అని ఇంకొకరు అన్నారు. అత్తమ్మ వంటింట్లోంచి పల్లీల నూనె గిన్నెతో తెచ్చి, "వేడి చేసి తెచ్చిన బిడ్డా, జల్ది ఇంకుతది" అంది. ఇంజన్‌లోంచి మిరపకాయ బజ్జీల వాసన రావడం మొదలైంది. కాసేపాగి మామ ఇనుప గొట్టం తెచ్చి పానా పిడికి తొడిగాడు. ఇద్దరం కలిసి నొక్కాం. 'కిర్ర్' మంది. మామ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంకోసారి నొక్కాం. బోల్టు తిరిగింది.

పాత డైనమో చేతికొచ్చింది. నేను అనుకున్నదానికంటే బరువు. ఒక చేత్తో అందుకోబోయి జారిస్తుంటే, "బిడ్డా, పైలం! కాలు మీద పడ్తది!" అని మామ అరిచి కింద చేయి పెట్టాడు.

ఆ మాట కొడుకుతో అనలేదు, నాతోనే అన్నాడు. అరిచాక ఆయనకే వింతగా అనిపించినట్టుంది. దగ్గి, డైనమోను తీసుకెళ్లి అరుగు మీద జాగ్రత్తగా పెట్టాడు.

కొత్తది ఎక్కించడం అంత కష్టం కాలేదు. మామ కింద నుంచి ఎత్తి పట్టుకున్నాడు, నేను బోల్టులు దూర్చాను. లావు వైరు బిగించి రబ్బరు టోపీ తొడిగాను. ఇక బెల్టు.

బెల్టు లేదు.

అట్టపెట్టె ఉంది, అందులో ఖాళీ. సీట్ల కింద చూశాం. కుర్చీల్లో వాళ్లను లేపి కుర్చీల కింద చూశాం. కోళ్లగూట్లో కూడా మా ఆయన చేయి పెట్టి ఒక గుడ్డు తెచ్చాడు. "ఎట్లుంటది బిడ్డా అది?" అని అత్తమ్మ అడిగింది.

"నల్లగ, రబ్బరుది, గుండ్రంగ. లోపల గీతలు గీతలుగ ఉంటది."

అత్తమ్మ గేటు వైపు చూసింది. గేటు గొళ్లెం విరిగి చాలా రోజులైంది. రెండు రెక్కలకూ కలిపి తొడిగి, కొత్త బెల్టు నిగనిగలాడుతోంది. "కుక్కలు లోపలికొస్తున్నయని పెట్టిన. మంచిగ సరిపోయింది కూడ" అంది కాస్త దిగులుగా. ఆమెకు గేటు కోసం పాత బెల్టు ఇచ్చి కొత్తది విడిపించుకున్నాం. పాతది వదులుగా ఉందని ఆమె ఇప్పటికీ అంటుంది.

తర్వాత ఫోటో అడిగాను. మా ఆయన గర్వంగా ఫోన్ చేతికిచ్చాడు. మొదటి ఫోటో నిండా ఆయన బొటనవేలు. రెండోది కూడా బొటనవేలే, కాస్త దగ్గరగా. మూడో దాంట్లో ఇంజన్ లేదు, ఏదో అనుమానంతో నేను ఆయన్ను చూస్తున్న ముఖం ఉంది.

"ఇది మంచిగ పడ్డది" అన్నాడు.

నేను బెల్టును చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాను. దానికి ఒక వైపు గీతలు, రెండో వైపు నున్నగా. చక్రాలు చూశాను. కొన్నింటికి గాడులున్నాయి, ఒకటి నున్నగా ఉంది. గీతలవైపు గాడులున్న చక్రాల మీద, నున్నటివైపు నున్నటి చక్రం మీద కూర్చోవాలి కదా అనుకుని, వేలితో గాలిలో గీసుకుంటూ ఒక్కొక్కటే తొడిగాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి అన్ని చక్రాల మీదా బిగుతుగా కూర్చుంది. మామ గడ్డపారతో డైనమోను పక్కకు లాగి పట్టుకుంటే నేను బోల్టు బిగించాను. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాను. కొద్దిగా లోపలికి పోయి ఆగింది.

బ్యాటరీ వైరు కలిపి, మళ్లీ పక్కింటివాళ్ల బ్యాటరీతో ఇంజన్ లేపాం. మీటర్ పెట్టాను. అంకె పన్నెండు దగ్గరే ఉంది. కాసేపు చూశాను. దిగింది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే. చేతులు నల్లగా ఉన్నాయి కాబట్టి కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు. దుకాణం అతను పాడైన డైనమో ఇచ్చాడా, నేను ఏమన్నా కాల్చేశానా? అత్తమ్మ పక్కన నిలబడి, "పోనీ బిడ్డా, రేపు మెకానిక్‌ను పిలుద్దాం. నువ్వు మాత్రం అంతా మంచిగనే విప్పినవ్" అంది. విప్పడాన్ని మెచ్చుకోవడం అంత బాధ ఇంకోటి లేదు.

ఇంజన్ ఆపి మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాను. బోల్టులు, బెల్టు, లావు వైరు. అప్పుడు కనిపించింది. డైనమో వెనక చిన్న సాకెట్ ఖాళీగా ఉంది. అందులోకి పోవాల్సిన సన్నటి వైర్ల ప్లగ్గు పక్కన ఇంకో గొట్టానికి ఎర్ర దారంతో చక్కగా, రెండు ముడులు వేసి కట్టి ఉంది.

"ఇది ఎవరు కట్టిండ్రు?"

మామ ఆకాశం వైపు చూసి, వాన మళ్లీ వచ్చేటట్టుందని అన్నాడు.

"మామా?"

"పని చేస్తుంటె చేతికి అడ్డం వస్తుండె బిడ్డా. ఖరాబైతదని పక్కకు కట్టిన." ఆ వెంటనే, "దారం కూడ కొత్తదే" అన్నాడు.

ముడులు విప్పడానికి పళ్లు వాడాల్సి వచ్చింది. ప్లగ్గు పెట్టగానే 'టిక్' అంది. ఇంజన్ లేపాం. ఎర్రలైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. మీటర్‌లో పదమూడు దాటింది, పద్నాలుగు దాటి నిలబడింది. నేను ఏదో అనేలోపే మామ, "తిన్నంక పద్నాలుగు!" అని వీధి అవతలి వాళ్లకు కూడా వినపడేటట్టు అరిచాడు.

హెడ్‌లైట్లు వేశాం. ఏసీ వేశాం. వైపర్లు ఎండలో తిరిగాయి. మా ఆయన పొద్దుటి నుంచి ఆపుకున్న హారన్లన్నీ ఒకేసారి కొట్టేశాడు. అంకె కాస్త తగ్గి మళ్లీ నిలబడింది. అత్తమ్మ వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, "మస్తు చల్లగున్నది" అని లోపలి నుంచి సైగ చేసింది. ఆమెను దింపడానికి టైం పట్టింది, ఎందుకంటే ఆమె తర్వాత కూర్చోవాలని బయట నలుగురు ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు.

అందరూ పోయాక ఆకలి గుర్తొచ్చింది. చేతులు సబ్బుతో కడిగాను, బట్టల పౌడరుతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను. నలుపు పోలేదు. మామ చేతులూ అంతే. అరుగు మీద ఇద్దరం చేతులు ముందుకు చాపుకుని, గోరింటాకు పెట్టుకున్నవాళ్లలా కూర్చున్నాం.

అత్తమ్మ కంచంలో అన్నం, కోడికూర కలిపి తెచ్చింది. నేను చెంచా అడిగితే వినలేదు. "నోరు తెరువు" అని ముద్ద పెట్టింది. రెండో ముద్దకు నాకు సిగ్గు పోయింది. మూడో ముద్దకు ఇంకొంచెం కూర వేయమన్నాను.

మామ కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కడుపులోంచి చప్పుడొచ్చింది. అది అందరం విన్నాం.

"ఒరే, నీ చేతులు మంచిగున్నయ్ కదా" అంది అత్తమ్మ కొడుకుతో. "మీ బాపుకు పెట్టు."

"నాకొద్దు. నేనేమన్న చంటిపిల్లగాన్నా?" అన్నాడు మామ.

మా ఆయన అప్పటికే కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ముద్ద చేసి పట్టుకున్నాడు. మామ ఆ ముద్దను చూశాడు, గేటు వైపు చూశాడు, వీధిలో ఎవరూ లేరని రూఢి చేసుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

"మామిడి తొక్కు వేసి కలుపు" అన్నాడు, నమలుతూ.